‘పిన్నీ, వీటిలో నేను తినేది ఏది?’



పోయిన సెలవుల్లో అక్క, బావ, వాళ్ళ ఎనిమిదేళ్ళ బాబు, అమ్మ, నేను కలిసి హైదరాబాద్‌లో ఒక గ్లూటెన్ ఫ్రీ బేకరీకి వెళ్ళాం. అద్దాల వెనక కేకులు, కుకీలు చూసి మావాడు అలవాటుగా నా చెయ్యి పట్టుకుని, “పిన్నీ, వీటిలో నేను తినేది ఏది?” అని అడిగాడు. కౌంటర్ దగ్గరున్న ఆవిడ నవ్వి, “అన్నీ తినొచ్చు నాన్నా” అంది. వాడు నమ్మలేదు. వాళ్ళమ్మ ముఖం చూశాడు. అక్క తల ఊపాకే చాక్లెట్ కేక్ వైపు వేలు చూపించాడు.

వాడికి సీలియాక్ వ్యాధి ఉందని తెలిసి ఏడాది అయింది. అంతకుముందు రెండేళ్ళు బరువు పెరగలేదు. తరచూ కడుపునొప్పి. ఐరన్ టానిక్ ఎన్ని సీసాలు తాగినా రక్తం పట్టలేదు. “సరిగ్గా తినడు, అంతే” అనుకున్నాం.

అసలు సీలియాక్ అంటే ఏమిటి?

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే ప్రోటీన్‌ని గ్లూటెన్ అంటారు. పూరీ పిండి సాగడానికి, బ్రెడ్ పొంగడానికి కారణం ఇదే. సీలియాక్ ఉన్నవాళ్ళు గ్లూటెన్ తింటే వాళ్ళ రోగనిరోధక వ్యవస్థ సొంత చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీస్తుంది. పోషకాలు పీల్చుకునే భాగమే పాడైతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. ప్రపంచంలో సుమారు నూటికి ఒకరికి ఈ సమస్య ఉంటుందని అంచనా. మన దేశంలో ఉత్తరాదిన ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి ఇక్కడ మనకు వెంటనే ఆ అనుమానం రాదు.

దీనికీ గోధుమకీ ఉన్న సంబంధాన్ని నిరూపించింది నెదర్లాండ్స్‌కు చెందిన విల్లెం డికె అనే పిల్లల డాక్టర్. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అక్కడ బ్రెడ్ దొరకని రోజుల్లో ఈ పిల్లల ఆరోగ్యం మెరుగుపడటం, బ్రెడ్ మళ్ళీ రాగానే జబ్బు తిరగబెట్టడం ఆయన అనుమానాన్ని బలపరిచాయి.

పిల్లల్లో ఇలాంటి లక్షణాలుంటే డాక్టర్‌ని అడగండి. మొదట టీటీజీ రక్తపరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీ చేస్తారు. పరీక్షకు ముందే మీరుగా గోధుమ మాన్పించకండి. మాన్పిస్తే జబ్బు ఉన్నా ఫలితంలో కనిపించకపోవచ్చు. ఇది ఫ్యాషన్ డైట్ కాదు. సమస్య లేని పిల్లలకు చపాతీ మాన్పించాల్సిన పని లేదు.

బేకరీలో నేర్చుకున్నది

అక్కడ బియ్యప్పిండి, జొన్నపిండి, బాదంపొడి వాడుతున్నారు. గ్లూటెన్ లేకపోతే కేక్ పొడిపొడిగా రాలిపోతుంది కాబట్టి పట్టు కోసం ఇసబ్గోల్ కలుపుతారట. అన్నిటికన్నా ముఖ్యం, ఆ వంటగదిలోకి మైదా అసలు రాదు. గాల్లో ఎగిరిన పిండి, అదే ట్రే, అదే కత్తి చాలు ఈ పిల్లలకు ఇబ్బంది రావడానికి. మన ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములకు మించకూడదు.

మన వంటింట్లో

అన్నం, ఇడ్లీ, పెసరట్టు, జొన్నరొట్టె, రాగిసంకటి, వీటిలో సహజంగా గ్లూటెన్ ఉండదు. బొంబాయి రవ్వ, సేమ్యా, మైదా గోధుమవే. మాల్ట్ కలిపిన పాలపొడుల్లో బార్లీ, చాలా రకాల సోయా సాస్‌లో గోధుమ ఉంటాయి. గోధుమలు పట్టిన మరలోనే జొన్నలు పట్టిస్తే ఆ పిండీ పనికిరాదు.

మా ఇంట్లో దొరికిన దొంగ ఇంగువ. డబ్బాలో అమ్మే ఇంగువలో చాలావాటిలో గోధుమపిండి కలుపుతారు. మనవడి కోసం పూరీలు చేయడమే మానేసిన అమ్మ, ఆ డబ్బా మీద అక్షరాలు చదివి చాలాసేపు మాట్లాడలేదు. “రోజూ చారులో నేనే వేశానా?” అంది. ఇప్పుడు బియ్యప్పిండి కలిపిన ఇంగువ వెతికి తెచ్చుకుంటుంది.

స్కూల్‌లో

నేనూ ఒక తప్పు ఒప్పుకోవాలి. మావాడి సంగతి తెలియక ముందు, క్లాసులో ఒక పుట్టినరోజు నాడు కేక్ వద్దన్న పిల్లాడితో “ఒక్క ముక్కకి ఏం కాదులే, ఫ్రెండ్ ఫీలవుతాడు” అన్నాను. వాడు ఎందుకు వద్దన్నాడో అడగలేదు. ఇప్పుడైతే ముందు అదే అడుగుతాను.

మీకు నాలుగు విన్నపాలు:

• మీ పిల్లలకు ఏ ఆహారం పడదో డైరీలో రాసి క్లాస్ టీచర్‌కి తెలియజేయండి. ఏటా కొత్త టీచర్‌కి మళ్ళీ చెప్పండి.

• పుట్టినరోజుకి తినేవే పంచాలని లేదు. పెన్సిల్, చిన్న పుస్తకం, మొక్క అయినా పిల్లలకు సంతోషమే.

• ఎవరైనా “వద్దు” అంటే బలవంతపెట్టకూడదని మీ పిల్లలకు నేర్పండి.

• బంధువుల ఇళ్ళకు, ఫంక్షన్లకు వెళ్ళేటప్పుడు ఇలాంటి పిల్లలకు విడిగా బాక్స్ కట్టివ్వండి.

ఆ బేకరీలో కేక్ ధర మామూలు కేక్‌కి దాదాపు రెట్టింపు. అయినా బావ ఇంకో ముక్క తీసుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు కారులో మావాడు ఒకటే మాట అన్నాడు: “పిన్నీ, ఇవాళ నేను ఎవరినీ అడగకుండా రెండోది తీసుకున్నా.”