బరువు ఒకటే.. ఆటలో తేడా ఎందుకు? బాస్కెట్‌బాల్ ఆడే పిల్లల తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన విషయాలు

పిల్లల్ని బాస్కెట్‌బాల్ కోచింగ్‌లో చేర్పించిన ఇళ్లలో రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. ‘మావాడు లావుగా ఉన్నాడు, తిండి తగ్గించాలి’ అనేది ఒకటి. ‘బక్కగా ఉన్నాడు, ప్రోటీన్ పౌడర్ కొనాలి’ అనేది రెండోది. ఈ రెండు నిర్ణయాలూ కాటా చూసి తీసుకునేవే. కానీ కాటా మొత్తం బరువు మాత్రమే చెబుతుంది. అందులో కొవ్వు ఎంత, కండ ఎంత, ఎముక ఎంత అన్నది చెప్పదు. ఈ పాళ్లనే శరీర కూర్పు అంటారు. ఆటలో తేడా తెచ్చేవాటిలో ఇదొకటి.

చిన్న లెక్క చూద్దాం. ఇద్దరు అబ్బాయిలున్నారు అనుకోండి. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 60 కిలోలు. ఇద్దరి బీఎంఐ 22 దగ్గరే ఉంటుంది. కానీ ఒకరి శరీరంలో కొవ్వు 15 శాతం, అంటే 9 కిలోలు. మరొకరిలో 25 శాతం, అంటే 15 కిలోలు. తేడా 6 కిలోలు. బాస్కెట్‌బాల్ ఒక్కోటి 600 గ్రాముల చొప్పున చూస్తే పది బంతుల బరువు!

రింగ్ 3.05 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పైకి ఎగరాలంటే కాళ్ల కండరాలు శరీరం మొత్తాన్ని లేపాలి. కొవ్వు ఆ పనిలో సాయపడదు, బరువు మాత్రం పెంచుతుంది. అందుకే కొవ్వు శాతం ఎక్కువున్న పిల్లలు ఎగరడంలో, పరుగులో, చటుక్కున దిశ మార్చడంలో సాధారణంగా వెనకబడతారు.

అలాగని కడుపు మాడ్చడం మందు కాదు. తిండి బాగా తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. ఎదిగే వయసులో ఎముకలు బలహీనపడతాయి. అమ్మాయిల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. యుక్తవయసులో వాళ్ల శరీరంలో కొవ్వు కొంత పెరగడం సహజం, అవసరం కూడా. ప్రాక్టీస్ పెరిగాక నెలసరి ఆగిపోతే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, డాక్టర్‌కి చూపించాలి. రక్తహీనతనూ మర్చిపోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి ఈ సమస్య ఉంది. రక్తం తక్కువైతే కాసేపు పరిగెత్తగానే ఆయాసం వస్తుంది. దాన్ని బద్ధకం అనుకుని తిట్టేస్తుంటాం.

మరి పౌడర్ డబ్బాల సంగతి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, కండ పెంచుకోవడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వాడొద్దని చెప్పింది. గుడ్లు, పప్పు, పాలు, పెరుగు, చేపలు, చికెన్.. ఇవన్నీ మన దస్తర్‌ఖాన్ మీద ఉండేవే. ఒక్క గుడ్డులోనే దాదాపు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. వీటికి తోడు అన్నం, రొట్టె, కూరగాయలు, సరిపడా నిద్ర ఉండాలి. తగ్గించాల్సింది కూల్‌డ్రింకులు, చిప్స్.

ఇంకో విషయం ఎదుగుదల. ఎత్తు వేగంగా పెరిగే దశ అమ్మాయిల్లో సుమారు 12 ఏళ్లకు, అబ్బాయిల్లో 14 ఏళ్లకు వస్తుంది. కొందరికి ముందే, కొందరికి ఆలస్యంగా. ఒకే క్లాసు పిల్లల మధ్య ఇంత తేడా అందుకే. మైకేల్ జోర్డాన్‌కే 1978లో స్కూల్ ప్రధాన జట్టులో చోటు దక్కలేదు. అప్పుడు ఆయన ఎత్తు సుమారు 5 అడుగుల 10 అంగుళాలు. ఆ చోటు దక్కింది ఆయనకంటే చాలా పొడవైన స్నేహితుడికి. తర్వాత జోర్డాన్ 6 అడుగుల 6 అంగుళాలకు ఎదిగారు.

జిమ్ముల్లో కొవ్వు శాతం చూపించే మెషీన్లుంటాయి. నీళ్లు తాగినా, చెమట పట్టినా వాటి అంకె మారుతుంది. ఒక్క రీడింగ్ చూసి కంగారు పడొద్దు. ఇంట్లోనే ఒక పని చేయొచ్చు. గోడ పక్కన నిలబడి చెయ్యి అందినచోట చాక్‌పీస్‌తో గీత పెట్టించండి. తర్వాత ఎగిరి అందుకున్నచోట మరో గీత. మధ్య దూరం కొలిచి రాసుకోండి. రెండు మూడు నెలలకోసారి మళ్లీ చూడండి. బరువు పెరిగినా ఆ దూరం కూడా పెరుగుతోందంటే పిల్లవాడు బలపడుతున్నట్టే. అలాంటప్పుడు పళ్లెంలో అన్నం తగ్గించాల్సిన పనిలేదు.