అద్దము లేని కెమేరా – గుణదోష విచారము

మా కంగ్టి ప్రాంతమున నొక యింట, ప్రత్తి సొమ్ము చేతికి రాకమునుపే, దానిని గూర్చి వాదము పుట్టెను. ఆ యింటి కుమారుడు మన పాఠశాలలో చదువు ముగించినవాడు. పెండ్లిండ్లలో ఛాయాచిత్రములు తీసి జీవింపగోరుచున్నాడు; నారాయణఖేడులోని యొక దుకాణమున కొంత పనియు నేర్చినాడు. తండ్రి నాయొద్దకు వచ్చి, “సారూ, ఆ డబ్బా కోసం ఏడాది కష్టమంతా పోయమంటున్నడు. పోయొచ్చునా?” అని యడిగెను. ఆయనకు నేనిచ్చిన సమాధానమునే కొంత విస్తరించి యిచట వ్రాయుచున్నాను. ఇతర తలిదండ్రులకును ఉపయోగింపగలదని నా తలంపు.

మొదట అద్దము మాట. చాలకాలము వాడుకలోనున్న ఎస్.ఎల్.ఆర్. కెమేరాలో లెన్సు వెనుక నొక అద్దము నలువదియైదు డిగ్రీల వాలుగా నుండును. లెన్సునుండి వచ్చిన వెలుతురును అది పైకి మరలించి, పట్టకముద్వారా చూచువాని కంటికి చేర్చును. మీట నొక్కిన క్షణమున అద్దము లేచి, వెలుతురును వెనుకనున్న ఫిల్ముమీదికో సెన్సారుమీదికో పోనిచ్చును. అప్పుడు వినవచ్చు చప్పుడు చాలవరకు ఆ అద్దముదే. అద్దము లేని కెమేరాలో ఈ మధ్యవర్తి యుండడు. వెలుతురు నేరుగా సెన్సారుమీద పడుచుండును. అచట నేర్పడిన బింబమునే చిన్న తెరమీద మనము చూతుము.

ఇది సరిక్రొత్త యూహ యని కొందఱనుకొందురు. విచారించినచో పాత పద్ధతికి మరలుటయే. ఆఱవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళు (1844–1905) కాలపు పెద్ద కెమేరాలలోను అద్దము లేదు. తలపై నల్లగుడ్డ కప్పుకొని, వెనుకనున్న గరుకుగాజుమీద తలక్రిందుగా పడిన బింబమును చూచి సరిచేసికొని, పిదప ఆ తావుననే మందు పూసిన గాజుపలకను నిలుపుచుండిరి. చిత్రము పడుచోటనే చూచుట నాడును గలదు, నేడును గలదు. భేదమేమనగా, నాటి సరంజామాను మోయుటకు మనుష్యులు కావలసియుండిరి. నేటిది చేసంచిలో పట్టును.

ఉదాహరణమునకు 2019వ సంవత్సరమున వెలువడిన సోనీ ఆల్ఫా 6400ను గైకొందము. మధ్యరకపు వెలగల చిన్న కెమేరాలలో నిది పేరుపొందినది. లెన్సు కాక, బ్యాటరీతోను కార్డుతోను దీని బరువు 403 గ్రాములు. సెన్సారు పొడవు 23.5, వెడల్పు 15.6 మిల్లీమీటర్లు. అద్దమునకు చోటు విడువనక్కఱలేదు గనుక లెన్సు బిగించు కట్టునుండి సెన్సారునకు 18 మిల్లీమీటర్ల దూరమే. అద్దముగల క్యానను ఈ.ఎఫ్. కెమేరాలలో ఆ దూరము 44 మిల్లీమీటర్లు. అందుచేత డబ్బా పలుచబడుటయే గాక, నడుమ నొక కడియము పెట్టి పాత లెన్సులను పెక్కింటిని దీనికి తగిలింపవచ్చును.

అయినను ముఖ్యమైన గుణము వేఱొకటి. రాబోవు చిత్రము ఎంత వెలుగుగా నుండునో, ఎంత చీకటిగా నుండునో మీట నొక్కకమునుపే కనబడును. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయములో నిలిచి చూడుడు. రంగుగాజు కిటికీలకు సరిపెట్టినచో స్తంభములు నల్లబడును. స్తంభములకు సరిపెట్టినచో కిటికీల రంగులు వెలవెలబోవును. పట్టకములో చూచి తీయువానికి ఈ తప్పు చిత్రము పడినపిదప గాని తెలియదు. మఱియు నీ కెమేరా మనిషి కన్నులను గుర్తుపట్టి, స్ఫుటతను వానిపై నిలుపును. ఒకచోట నిలువని పిల్లలను తీయువారికి ఇది గొప్ప సాయము.

ఇక దోషములు. సెన్సారును తెరయు ఎల్లప్పుడు మేల్కొనియుండవలెను గనుక బ్యాటరీ త్వరగా వట్టిపోవును. పై కెమేరాకు తయారుచేసినవారు చెప్పిన లెక్కయే, కంటితెరతో చూచినపుడు, సుమారు 360 చిత్రములు. పెండ్లిలో ముహూర్తమునకు ముందే అవి ముగియవచ్చును. కార్డు ఒక్కటే పట్టును. అది చెడినచో పెండ్లి మరల చేయింపలేము గదా! చేతి వణకును సర్దు ఏర్పాటు డబ్బాలో లేదు, కొన్ని లెన్సులలో మాత్రము కలదు. చిన్నదగుటయు నొక దోషమే: బరువైన లెన్సు తగిలించినచో పట్టు చాలక వ్రేళ్లు నొచ్చును. లెన్సు మార్చునపుడు సెన్సారునకు అద్దము అడ్డుండదు. ప్రత్తి తీయు కాలమున మా త్రోవలలోని దుమ్మును, నూగును ఎఱిగినవారికి దీని యర్థము చెప్పనక్కఱలేదు. చప్పుడు లేక తీయు ఏర్పాటులో సెన్సారు బింబమును వరుసవెంబడి చదువును గనుక తిరుగుచున్న ఫ్యాను రెక్కలు వంగినట్లు పడును, కొన్ని ఎల్.ఇ.డి. దీపముల క్రింద చారలు పడును.

ఒకనాటి సాయంకాలము ఆ కుఱ్ఱవాని యింటనే పరీక్ష చేసితిమి. వాని నాయనమ్మకు ఆధారు కార్డుమీది బొమ్మ తప్ప వేఱు చిత్రము లేదు. స్నేహితునివద్ద ఎరవు తెచ్చిన అద్దము లేని కెమేరాతో, దానితో వచ్చిన లెన్సుతోనే, ఆమెను వంటయింట కూర్చుండబెట్టి తీసితిని. చిన్న తెరమీద చక్కగానే కనబడెను. ఇంటికి వచ్చి పెద్దది చేసి చూతును గదా, ముఖము అలికినట్లున్నది! దోషము నాదే. చీకటిలో షట్టరు వేగమును మిక్కిలి తగ్గనిచ్చితిని, ఆమె మాటలాడుచుండెను. మఱునాడు వాకిట నీడపట్టున కూర్చుండబెట్టి, అదే డబ్బాకు 50 మిల్లీమీటర్ల 1.8 లెన్సు తగిలించితిమి. మొదటి లెన్సు 50 మిల్లీమీటర్లయొద్ద 5.6 వఱకే తెఱచుకొనును. ఈ రెండవది దానికంటె తొమ్మిది రెట్లకు మించి వెలుతురును లోనికి విడుచును. ముడుతలు, ముక్కుపుల్ల, కంటిపాపలో వాకిలి నీడ, అన్నియు పడినవి. ఆమె చూచి, “ఇది నేనా? మా అమ్మ తీరుగున్నది” అనెను.

పగటివేళ ఆరుబయట తీయుటకు చేతిఫోను చాలును. దానికై ప్రత్తి సొమ్ము పోయనక్కఱలేదు. జీవనోపాధికైనచో సొమ్మంతయు క్రొత్త డబ్బామీద పెట్టవలదని తండ్రితో చెప్పితిని. ఒకరు వాడినదానిని పరీక్షించి కొని, మిగిలిన సొమ్ముతో వెడల్పుగా తెఱచుకొను లెన్సు నొకదానిని, రెండవ బ్యాటరీని కొనవలెను. తొలియేడు పెండ్లిపని ఒంటిగా నొప్పుకొనక, పని నేర్పిన దుకాణదారుని ప్రక్కన రెండవ కెమేరాగా నిలువవలెను. బడి గుంపు చిత్రములు, ముసలివారి చిత్రములు మాత్రము తానే తీయవచ్చును.

ఆయన కొంతసేపు ఊరకుండి, “ఆ రెండో బ్యాటరీ ఎంతయితది సారూ?” అని యడిగెను.