చెట్టూ, నీరూ కూడా అమానతే

అమానత్ అనగానే మనకు గుర్తొచ్చేది ఎవరో దాచమని ఇచ్చిన డబ్బో, నగో. అది మన చేతిలో ఉన్నా మనది కాదు. అడిగిన రోజున ఉన్నదున్నట్టు అప్పజెప్పాలి. ఈ సంగతి తెలియని ముస్లిం కుటుంబం ఉండదు. కాని తాగే నీరు, నీడనిచ్చే చెట్టు, నడిచే నేల కూడా ఇలాంటి సొమ్మేనని మనలో ఎంతమందిమి తలపోస్తున్నాం? మనిషిని భూమ్మీద ఖలీఫాగా, అంటే ప్రతినిధిగా నియమించిన వైనం దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో ఉంది. ప్రతినిధికి వాడుకునే హక్కు ఉంటుంది గాని పాడుచేసే హక్కు ఉండదు. నేలమీదా, నీటిమీదా తలెత్తే కల్లోలానికి మనుషుల చేతలే కారణమన్న హెచ్చరిక రూమ్ సూరాలో ఉంది.

ఈ విషయాన్ని ఇటీవల పెద్దలకంటే విద్యార్థులే ముందుగా గ్రహించారని మా అభిప్రాయం. 2025లో హైదరాబాదులో జరిగిన ఉదంతమే ఇందుకు తార్కాణం.

పండుగనాడు దిగిన యంత్రాలు

గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడింది. అప్పట్లో దానికి చూపిన భూమి 2,300 ఎకరాల పైచిలుకు. రాతిగుట్టలు, చెరువులు, జింకలు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు ఉన్న చోటు అది. దానికి దాపులోనే 1998లో నెలకొల్పిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది గనుక ఆ ప్రాంతం మన పిల్లలకూ కొత్త కాదు.

అక్కడి కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలను 2004లో అప్పటి ప్రభుత్వం ఒక ప్రైవేటు సంస్థకు కేటాయించింది. 2006లో ఆ కేటాయింపు రద్దయింది. ఏళ్ల తరబడి సాగిన వ్యాజ్యం 2024లో సుప్రీంకోర్టులో ప్రభుత్వానికి అనుకూలంగా ముగిసింది. తర్వాత తెలంగాణ ప్రభుత్వం ఆ భూమిని అభివృద్ధిచేసి వేలం వేయాలని తలపెట్టింది. భూమి మాదే, విశ్వవిద్యాలయానిది కాదు అన్నది ప్రభుత్వ వాదన. కాగితం ఎవరి పేరున ఉన్నా అక్కడ నిలిచి ఉన్నది అడవి, దాన్ని కొట్టొద్దు అన్నది విద్యార్థుల వాదన.

2025 మార్చి 30 ఉగాది. మరునాడే మన ఈదుల్ ఫితర్. ఊరంతా పండుగ హడావుడిలో ఉండగా యంత్రాలు దిగాయి. అడ్డుకోబోయిన విద్యార్థులను పదుల సంఖ్యలో పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. అయినా వారు వెనక్కి తగ్గలేదు. ధర్నాలు చేశారు, తరగతులు బహిష్కరించారు. పిటిషన్లు హైకోర్టుకు చేరాయి. ఏప్రిల్ 2న హైకోర్టు పనులను మరునాటిదాకా ఆపమన్నది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కలుగజేసుకుని చెట్ల నరికివేతను నిలిపివేసింది. అప్పటికే సుమారు 100 ఎకరాల్లో పచ్చదనం పోయినట్టు తేలింది. దాన్ని ఎలా పునరుద్ధరిస్తారో చెప్పండని అదే నెల 16న న్యాయస్థానం ప్రభుత్వాన్ని అడిగింది.

తల్లిదండ్రుల భయం

మన ప్రాంతం నుంచి పిల్లలను హైదరాబాదుకు చదువుకు పంపే తల్లిదండ్రుల గుండెల్లో ఇలాంటి వార్తలు దడ పుట్టిస్తాయి. "బేటా, చదువుకోవడానికి పంపాం, ఈ గొడవలు నీకెందుకు?" అని ఫోనులో మందలించే అమ్మీలు ఎందరో. కేసు పడితే ఉద్యోగం సంగతేమిటన్న బెంగ అబ్బాజాన్‌లది. ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేము. ముస్లిం బిడ్డ పేరు పోలీసు స్టేషనుకు ఎక్కితే ఆ ఇంటి వేదన ఎలాంటిదో మనకు తెలియనిది కాదు.

కాని పిల్లలకు చెప్పవలసింది "నీకెందుకు" అన్న మాట కాదు, "ఎలా" అన్న మాట. హైదరాబాదు పిల్లలకు తమ అడవి తెలుసు. ఏ చెరువు ఎక్కడుందో, ఏ పక్షి ఏ కాలంలో వస్తుందో ఎరిగినవారు వారిలో ఉన్నారు. చట్టం దారిలో న్యాయస్థానం తలుపు తట్టే ఓపిక కూడా చూపారు. అందుకే వారి మాటకు విలువ వచ్చింది.

ఇందులో మరో గుణపాఠం కూడా ఉంది. ఆ రోజుల్లో కంప్యూటరుతో సృష్టించిన కొన్ని బొటకపు బొమ్మలు కూడా సెల్‌ఫోన్లలో తిరిగాయి. దాంతో అసలు ఫోటోలను సైతం అనుమానించే అవకాశం దొరికింది. వార్త వచ్చినప్పుడు నిజానిజాలు విచారించుకోవాలన్నది హుజురాత్ సూరా చేసిన బోధ. మంచి పనికి అబద్ధం సాయం అక్కర్లేదు. ఈ ఒక్క మాట మన పిల్లలు గుండెల్లో పెట్టుకుంటే చాలు, సగం ప్రమాదం తప్పుతుంది.

మన ఊళ్ల మాట

మరి జగ్గయ్యపేట, నందిగామల్లో చదివే పిల్లలకు కాపాడటానికి 400 ఎకరాల అడవి లేదు. వారికున్నది ఒక కాలేజీ ఆవరణ, నాలుగు చెట్లు, ఒక నీళ్ల ట్యాంకు. అయితే నీటి సంగతి మనకంటే ఎవరికి బాగా తెలుసు? ఒకనాటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం మనది. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా అయింది గాని నేల మారలేదు. సాగర్ ఎడమ కాలువకు మనం చివరివాళ్లం. పై వాళ్లందరి పొలాలు తడిశాకే మన వంతు. అదే మున్నేరు 2023 జూలైలోనూ, 2024 సెప్టెంబరు మొదట్లోనూ పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద జాతీయ రహదారినే ముంచింది. వానాకాలంలో రోడ్డు మునిగే చోటే ఎండాకాలంలో బిందె పట్టుకుని తిరుగుతాం.

ఇలాంటి చోట మన పిల్లలు చేయగల మొదటి పని వుజూ కుళాయి దగ్గరే ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని హజ్రత్ అనస్ (ర) చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. నేటి కొలతలో ముద్ అంటే ముప్పావు లీటరు, హనఫీ లెక్కలో లీటరు దాకా. పారే నది ఒడ్డున ఉన్నా వుజూలో నీరు వృథా చేయరాదని ప్రవక్త (స) హజ్రత్ సాద్ (ర)ను వారించిన ఉదంతం ఇబ్నె మాజాలో నమోదైంది. నేడు కుళాయి బార్లా తిప్పి వుజూ చేసేటప్పుడు కింద బకెట్టు పెట్టి చూడండి, ఎన్ని ముద్‌లు పోతున్నాయో తెలుస్తుంది. మనిషికి 5 లీటర్లు, పూటకు 100 మంది అనుకుంటే ఐదు నమాజులకు రోజుకు 2,500 లీటర్లు!

వుజూ చేయగా పోయిన నీరు మళ్లీ వుజూకి పనికిరాదు గాని, అది అపవిత్రం కాదన్నది హనఫీ ఫిఖహ్‌లో స్థిరపడిన మాట. అలాంటప్పుడు దాన్ని మురుగులో కలపడమెందుకు? ఒక చిన్న కాలువ తీస్తే మసీదు, మదర్సా, హాస్టలు చెట్లన్నీ బతుకుతాయి.

రెండోది మొక్కల సంగతి. తొలకరికి గుంట తీసి, మొక్క నాటి, ఫోటో దిగడం ప్రతి కాలేజీలో ఉన్నదే. మేలో సెలవులిచ్చాక ఆ మొక్కకు నీళ్లెవరు పోస్తారు? ఊళ్లోనే ఉండే విద్యార్థులు వంతులు వేసుకుంటే పది మొక్కల్లో ఎనిమిదైనా నిలబడతాయి. ముస్లిం నాటిన చెట్టు నుంచి మనిషైనా, పక్షైనా, పశువైనా తింటే అది అతని ఖాతాలో సదఖా అవుతుందని ప్రవక్త (స) శుభవార్త చెప్పారు. ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలోని మొక్కను నాటమన్నారు.

మూడోది ఇఫ్తార్ దస్తర్‌ఖాన్. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. ఉపవాస పుణ్యంతో లేచి వెళ్లేవాళ్లం మసీదు వెనుక చెత్తగుట్ట వదిలి వెళ్లడం ఏం శోభ? స్టీలు పళ్లాలు ఒకసారి కొంటే ఏళ్లు వస్తాయి. విస్తరాకులు ఎలాగూ ఉన్నాయి. కడగడానికి యువకులు నడుం కడితే చాలు.

పెద్దలకు మనవి

మంచినీళ్లకు ఇబ్బంది పడుతున్న మదీనా వాసుల కోసం హజ్రత్ ఉస్మాన్ (ర) రూమా బావిని సొంత సొమ్ముతో కొని ఇచ్చేశారు. మసీదు కమిటీ పెద్దలు, కాలేజీ అధ్యాపకులు, తల్లిదండ్రులు అంత త్యాగం చేయకపోయినా ఫర్వాలేదు. పిల్లలు బకెట్టు పట్టుకుని కొలవడానికి వచ్చినప్పుడు నవ్వకుండా ఉంటే చాలు. నాలుగు పైపులకు, రెండు డజన్ల పళ్లాలకు డబ్బు అడిగితే వారిని రేపు మాపు అని తిప్పవద్దు. ఇంటి దగ్గర చెట్టును కాపాడటం నేర్చినవాడు రేపు ఎక్కడికి వెళ్లినా వివేకంతో, చట్టం దారిలో అడవిని కాపాడతాడు.

అమానత్ అప్పజెప్పవలసిన రోజున మన చేతులు ఖాళీగా ఉండకుండునట్లు అల్లాహ్ మనకూ, మన పిల్లలకూ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.