గురుడి లెక్కలో అయిదేళ్లు

ఆత్మకూరులో ఒక షష్టిపూర్తికి వెళ్లాను. భోజనాల దగ్గర ఏడో తరగతి చదివే మనవరాలు ఉన్నట్టుండి అడిగింది: "తాతా, అంగారకుడి మీదైతే నీకెన్నేళ్లు?" పెద్దవాళ్లు నవ్వి ఊరుకున్నారు. నాకు మాత్రం అడగాల్సిన చోటే అడిగిందనిపించింది. షష్టిపూర్తి అనేదే వేరే గ్రహాల నడకను చూసి పుట్టిన పండగ మరి.

భూమి సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగొస్తే ఏడాది. మనం పుట్టాక అలా ఎన్ని చుట్లు అయ్యాయో అదే మన వయసు. ఇదివరకు కల్లంలో ఎడ్లను వరసగా కట్టి, గుంజ చుట్టూ తిప్పి కంకులు తొక్కించేవాళ్లు. గుంజను ఆనుకున్న ఎద్దు అక్కడక్కడే తిరిగేది, చివరిది పెద్ద చుట్టు నడవాల్సి వచ్చేది. గ్రహాలూ అంతే. కాకపోతే వాటిని కలిపి కట్టిన పలుపు లేదు. పైగా దూరం పోయేకొద్దీ సూర్యుడి లాగుడు తగ్గి, నడక కూడా మందగిస్తుంది. భూమి సెకనుకు దాదాపు 30 కిలోమీటర్లు పోతే, శని పోయేది 10 కిలోమీటర్ల లోపే. దూరం మనకన్నా తొమ్మిదిన్నర రెట్లే అయినా, చుట్టు పూర్తికావడానికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు పడుతుంది. శనైశ్చరుడంటే మెల్లగా నడిచేవాడు. దూరదర్శిని లేని కాలంలో, వట్టి కంటితో ఏళ్ల తరబడి చూసి పెట్టిన పేరది.

ఇక తాతగారి లెక్క. అరవై ఏళ్లంటే 21,915 రోజులు. అంగారకుడి ఏడాది 687 రోజులు. భాగిస్తే ముప్పై రెండుకు కాస్త తక్కువ. శ్రీహరికోట నుంచి 2013లో బయల్దేరిన మంగళయాన్ అక్కడ దాదాపు ఏడున్నరేళ్లు పనిచేసిందంటే, అక్కడి లెక్కలో నాలుగేళ్లు. బుధుడి ఏడాది 88 రోజులే కాబట్టి తాతగారికి అక్కడ 249 ఏళ్లు! ఒంటి ముడతలు, మోకాళ్ల నొప్పులు మాత్రం ఏ లెక్కలోనైనా అవే. మారేది అంకె ఒక్కటే.

గురుడి ఏడాదిని మనం రోజూ వాడుతూనే ఉన్నాం. "నిన్ను చూసి పుష్కరం దాటింది" అంటామే, అదే. గురుడు పన్నెండు రాశులూ చుట్టి రావడానికి పన్నెండేళ్లకు కాస్త తక్కువ పడుతుంది. అరవై ఏళ్లలో గురుడు అయిదు చుట్లు, శని రెండు చుట్లు ముగించి, ఇద్దరూ ఇంచుమించు బయల్దేరిన చోటికే వస్తారు. మన అరవై సంవత్సరాల పేర్ల వరసకు వెనకున్నది ఈ కలయికే. 1965 ఉగాదికి వచ్చిన విశ్వావసు 2025 ఉగాదికి మళ్లీ వచ్చింది. అంటే షష్టిపూర్తి పెళ్లికొడుకు గురుడి మీద అయిదేళ్ల పిల్లవాడు, శని మీద రెండేళ్ల పసివాడు.

"ఇంకా దూరం పోతే?" అంది ఆ పిల్ల, అరిటాకు పక్కన వేలితో గీతలు గీస్తూ. నెప్ట్యూన్ ఏడాది మనకు దాదాపు 165 ఏళ్లు. 1846లో కనుక్కున్నాక అది తొలి చుట్టు ముగించింది 2011లో. ఉదయగిరి దుర్గం చూశావు కదా అన్నాను. ఏడాదికి పైగా ముట్టడించి, 1514లో కృష్ణదేవరాయలు దాన్ని గజపతుల దగ్గర గెలుచుకున్నాడు. అప్పటి నుంచి ఇప్పటికి నెప్ట్యూన్ తిరిగింది మూడు చుట్లే.