మిలిటరీ లారీ ఆనవాళ్లు

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడిన లారీని గుర్తుపట్టాలంటే ముందుగా దాని మూతి చూడాలి. ముక్కు చప్పిడిగా ఉండి, ఇంజను సగం క్యాబిన్‌లోకి చొచ్చుకువచ్చి, డ్రైవరు దాదాపు ముందు ఇరుసు మీదే కూర్చున్నట్టుంటే అది చాలావరకు కెనడా బండి. విండ్సర్‌లో ఫోర్డు, ఓషావాలో జనరల్ మోటార్సు కంపెనీలు బ్రిటిష్ యుద్ధశాఖ కోరిన కొలతలకు ఈ లారీలను చేశాయి. మొత్తం నాలుగు లక్షలకు పైగా తయారయ్యాయి. పొట్టి మూతి అందం కోసం పెట్టింది కాదు. బండి పొడవు పెరగకుండా సరుకు తొట్టికి ఎక్కువ చోటివ్వాలి, ఓడలో తక్కువ స్థలం పట్టాలి. ఆ లెక్కలో నలిగిపోయింది డ్రైవరు కాళ్లు.

ఇండియా ఈ బండ్ల కోసం కెనడా వైపు చూడవలసి రావడం వెనుక చిక్కబళ్లాపురం జిల్లాకు సంబంధించిన కథ ఒకటుంది. అక్కడి ముద్దేనహళ్లిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1935లో ఐరోపా, అమెరికాలు తిరిగి మోటారు పరిశ్రమను పరిశీలించి, మన దేశంలోనే వాహనాల ఫ్యాక్టరీ పెట్టడానికి పథకం రాశారు. పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ దాన్ని భుజాన వేసుకున్నారు. ముందు బొంబాయిలో, తర్వాత మైసూరు సంస్థానంలో ప్రయత్నాలు జరిగాయి. యుద్ధం మొదలయ్యాక ఇండియా ప్రభుత్వం అందుకు చేయూతనివ్వలేదు. బెంగళూరుకు 1940 డిసెంబరులో విమానాల కర్మాగారం వచ్చింది గానీ మోటారు ఫ్యాక్టరీ రాలేదు. యుద్ధకాలంలో టాటానగర్‌లో కవచ వాహనాలు నాలుగు వేలకు పైగా తయారైనా వాటి ఉక్కు తొడుగే ఇక్కడిది, కింద ఛాసీ కెనడాది. లారీలు చేసే శక్తి దేశానికి లేదన్న వాదన ఎంత బోలుదో చెప్పడానికి ఇదొక్కటి చాలు. కవచం కొట్టగలిగిన చేతులు ఛాసీ కూడా బిగించగలిగేవే.

ఈ కెనడా బండ్లలో మూడు రకాల క్యాబిన్లున్నాయి. వాటికి 11, 12, 13 అని నంబర్లు. మొదటి రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. 12లో బానెట్ మొసలి నోరులా ముందు నుంచి పైకి తెరుచుకుంటుంది, అంతే తేడా. 1941 చివర వచ్చిన 13ను మాత్రం దూరం నుంచే పోల్చుకోవచ్చు. దాని ముందు అద్దం పై అంచు ముందుకు, కింది అంచు లోపలికి వాలి ఉంటుంది. ఎండ పడి అద్దం మెరిస్తే శత్రు విమానం కంట పడుతుంది కనుక ఆ మెరుపు నేలవైపు పోయేలా అలా వంచారు. డ్రైవరు పాదాలకు కాస్త చోటు దొరికింది కూడా ఇందులోనే.

మోడల్ పేరు చదవడం తేలిక. మొదటి అక్షరం 'సి' అయితే షెవర్లే, 'ఎఫ్' అయితే ఫోర్డు. తర్వాతి అంకె బండి మోసే బరువు, హండ్రెడ్‌వెయిట్లలో. ఒక హండ్రెడ్‌వెయిట్ అంటే 112 పౌన్లు, సుమారు 51 కిలోలు. 15 అని ఉంటే ముప్పావు టన్ను బండి, 60 అని ఉంటే మూడు టన్నుల లారీ. చివరి అక్షరం చక్రాల మధ్య దూరం: 'ఎ' 101 అంగుళాలు, 'ఎస్' 134, 'ఎల్' 158. అంటే ఎఫ్60ఎల్ పొడవాటి మూడు టన్నుల ఫోర్డు. పేరు చెరిగిపోతే బానెట్ ఎత్తాలి. ఫోర్డులో ఎనిమిది సిలిండర్లు రెండు వరుసల్లో 'వి' ఆకారంలో ఉంటాయి, 95 హార్స్‌పవర్. షెవర్లేలో ఆరు సిలిండర్లు ఒకే వరుసలో, 85.

అసలు బ్రిటన్‌లో పుట్టిన లారీల్లో ఎక్కువగా కనిపించే పేరు బెడ్‌ఫోర్డు. లూటన్‌లోని వాక్స్‌హాల్ కంపెనీ దీన్ని చేసింది. ఆ కంపెనీ 1925 నుంచే జనరల్ మోటార్సు చేతిలో ఉంది కాబట్టి బెడ్‌ఫోర్డు, షెవర్లే ఇంజన్లకు దగ్గరి చుట్టరికం. యుద్ధంలో బెడ్‌ఫోర్డు 3.5 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను ఇచ్చింది 72 హార్స్‌పవర్. ఓవై రకానికి వాలు మూతి ఉంటుంది, వెనుక చక్రాలే తిరుగుతాయి. 1941లో వచ్చిన క్యూఎల్‌కు మూతే లేదు, క్యాబిన్ కిందే ఇంజను, నాలుగు చక్రాలూ లాగుతాయి. తారు రోడ్డెక్కాక ముందు చక్రాల పట్టును లివర్‌తో వదిలేయవచ్చు. యాభై వేలకు పైగా తయారైన క్యూఎల్‌లో సిపాయిల బండి, వైర్‌లెస్ బండి, బోఫోర్స్ ఫిరంగిని లాగే బండి అని ఎన్నో అవతారాలున్నాయి. బరువైన ఫిరంగులకు సౌతాల్‌లో చేసిన ఏఈసీ మాటడార్ ఉంది, అది డీజిల్ బండి. స్టీరింగ్ ఎడమవైపు ఉంటే మాత్రం ఈ కుటుంబాన్ని వదిలి అమెరికా బండ్ల వైపు వెతకాలి.

చక్రాలు ఇంకో పెద్ద ఆనవాలు. మామూలు సరుకు లారీకి వెనుక జంట టైర్లుంటాయి. క్యూఎల్‌కు, నాలుగు చక్రాలూ లాగే కెనడా మూడు టన్నుల బండికి నాలుగు వైపులా ఒక్కొక్క లావు టైరే. బాగేపల్లి దగ్గర ఎండిన చిత్రావతి ఇసుకను తలచుకుంటే కారణం తెలుస్తుంది. ముందు టైరు ఇసుకను అణచి చేసిన గాడిలోనే వెనుక ఒంటి టైరు నడుస్తుంది, కొత్త ఇసుకను తొక్కే పని ఉండదు. జంట టైర్లయితే గాడికి పక్కన మరో దారి తవ్వుకోవాలి, ఇంజను బలమంతా అక్కడే పోతుంది. చిక్కబళ్లాపురం మీదుగా హైదరాబాదుకు పోయే రహదారి మీద, చింతామణి నుంచి మదనపల్లికి పోయే దారి మీద ఈ ఏర్పాటుతో లాభం లేదు. గట్టి రోడ్డు మీద ఎక్కువ బరువు మోయాలంటే జంట టైర్లే మేలు.

సైన్యపు సామగ్రిలో కొన్ని చిన్న గుర్తులున్నాయి. క్యాబిన్ పైకప్పులో గుండ్రటి మూత, విమానాలను కనిపెట్టే సిపాయి నిలబడడానికి. ముందు పసుపు బిళ్ల మీద అంకె, ఏ వంతెన ఆ బరువు మోస్తుందో చూసుకోవడానికి. వెనుక డిఫరెన్షియల్‌కు తెల్ల రంగు, దాని మీద పడే చిన్న దీపం: చీకట్లో హెడ్‌లైట్లు ఆర్పి వరుసగా సాగే బండ్లలో వెనుక డ్రైవరుకు కనిపించేది ఆ తెలుపు ఒక్కటే. నంబరుకు ముందు 'ఎల్' ఉంటే పెద్ద లారీ, 'జెడ్' ఉంటే 15 హండ్రెడ్‌వెయిట్ల తరగతి చిన్న బండి, 'హెచ్' ఉంటే ట్రాక్టరు, 'ఏ' ఉంటే అంబులెన్సు.

యుద్ధం ముగిశాక మిగులు బండ్లను ప్రభుత్వం అమ్మేసింది. డిస్పోజల్ లారీలు అడవుల్లో దుంగలు లాగాయి, చెడిన బండ్లను లాగే క్రేన్లయ్యాయి. కొత్త బాడీ, కొత్త ఇంజను, కొత్త రంగు పడ్డాక పై గుర్తులేవీ మిగలవు. అప్పుడు నమ్మదగినవి మూడే: ముందు ఇరుసులో డిఫరెన్షియల్ గుండు, ఛాసీ మీది తయారీ పలక, రెండు ముక్కలుగా చేసి బోల్టులతో బిగించిన చక్రం. ఈ చివరిదాని దగ్గర మెకానిక్ జాగ్రత్తగా ఉండాలి. చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే నట్లు వేరు, రెండు ముక్కలను కలిపి ఉంచే నట్లు వేరు. సైన్యం ఈ రెండో రకానికి ఎర్ర రంగు వేసేది. రంగు పోయిన పాత బండిలో రెండిటి మధ్య తికమకపడి, టైరులో గాలి ఉండగానే ముక్కలను కలిపే నట్లను విప్పితే చక్రం ముక్క ఎగిరి మనిషి ప్రాణం తీస్తుంది. పాత మిలిటరీ చక్రం మీద స్పానర్ పెట్టే ముందు గాలి పూర్తిగా తీసేయాలి.