ఇనుప ధూళిని ఉండ కట్టే విద్య

బళ్లారి, సండూరు, హొసపేట ప్రాంతాల వారికి ఎర్ర ధూళిని పరిచయం చేయవలసిన అవసరం లేదు. గనులు ముమ్మరంగా సాగిన కాలంలో లారీల వెంట లేచిన ఆ ధూళి చేల మీద, ఇంటి కప్పుల మీద పేరుకొన్నది. చాలావరకు అది ఇనుప ఖనిజమే. కన్నడంలో మనం 'అదిరు' అని పిలిచేదే. ఈ పొడిని కొలిమికి పనికివచ్చే గుళికగా ఎట్లా మారుస్తారో గనుల పక్కన బ్రతికే మనం తెలిసికొనడం అవసరం.

పొడిని ఉన్నది ఉన్నట్లుగా కొలిమిలో పోయరాదు. బ్లాస్ట్ ఫర్నేసులో ఖనిజమూ, కోక్ బొగ్గూ పైనుండి పొరలు పొరలుగా దిగుతుంటే, క్రిందినుండి ఊదిన వేడిగాలి వాయువులుగా మారి వాటి సందులగుండా పైకి సాగాలి. పొడి పోస్తే ఆ సందులు పూడిపోతాయి. పొయ్యిలో ఊకను దట్టంగా కూరితే గాలి ఆడక మంట ఆరిపోవడం వంటిదే ఇది. రాయిని పగులగొట్టి జల్లించగా మిగిలిన 10 మిల్లీమీటర్ల లోపు భాగాన్ని గనులవారు 'ఫైన్స్' అంటారు. ఇందులో గరుకుగా ఉన్నదానిని కోక్ పొడితో కలిపి కాల్చి 'సింటర్' అనే గట్టి పెళ్లలుగా చేస్తారు. మరీ మెత్తనిదానికి తగిన మార్గం గుళిక, అనగా పెల్లెట్.

తరగతిలో దీనిని వివరించడానికి నేను సగ్గుబియ్యాన్ని ఉదాహరణగా తీసుకొంటాను. తడి పిండిని దొర్లిస్తూ ఊపితే అది పూసలుగా కట్టుకొంటుంది. ఇక్కడా అంతే. ఖనిజాన్ని అధిక భాగం 0.045 మిల్లీమీటరు కంటె సన్నమయ్యేటట్లు నూరుతారు. దానికి నూటికి 8 నుండి 10 వంతుల తేమ, ఒక వంతుకు మించకుండా బెంటొనైట్ అనే బంకమట్టి కలిపి, ఏటవాలుగా తిరిగే పెద్ద పళ్లెంలో దొర్లిస్తారు. సుమారు 9 నుండి 16 మిల్లీమీటర్ల ఉండలు తయారవుతాయి.

ఈ ఉండను మూడు దశలలో మూడు శక్తులు పట్టి ఉంచుతాయి. పచ్చిగా ఉన్నప్పుడు పట్టేది నీరు. తడి ఇసుకతో పిల్లలు కట్టిన గుడి నిలిచి, ఎండగానే కూలడం మనం చూస్తూనే ఉంటాము. ఆ నీరు ఆరిన తరువాత ఉండ విడిపోకుండా కాపాడేది బంకమట్టి. చివరకు సుమారు 1300 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఖనిజపు రేణువులే ఒకదానికొకటి అతుక్కొంటాయి. అప్పటికి బంకమట్టి పని ముగుస్తుంది. ఇల్లు లేచేవరకు నిలిపి ఉంచిన సారువ వంటిది అది. పైగా అది తెచ్చే సిలికా కొలిమిలో చిట్టెమై ఇంధనాన్ని తింటుంది. అందుచేతనే దానిని వీలయినంత తక్కువగా కలుపుతారు.

బొగ్గు పొడిని కూడా గుళికలోనే చేర్చడం మరొక పద్ధతి. మన పెద్దలు బొగ్గు నుసిలో పేడ, మట్టి కలిపి కుంపటికి ఉండలు చేసికొనేవారు. ఇక్కడ ఆ నుసి పక్కనే ఖనిజపు పొడి కూడా ఉంటుంది. ఖనిజంలోని ఆక్సిజన్‌ను బొగ్గులోని కార్బన్ లాగివేస్తే మిగిలేది ఇనుము. లెక్క ప్రకారం 160 కిలోల శుద్ధ హెమటైట్‌కు 36 కిలోల కార్బన్ చాలు. 112 కిలోల ఇనుము వస్తుంది. రెండూ ఆనుకొని ఉండడం వలన తిరుగుడు కొలిమిలో ఈ పని నిమిషాలలో ముగుస్తుంది. భారతదేశం అధికంగా దిగుమతి చేసికొనే కోకింగ్ బొగ్గు లేకుండానే, సాధారణ బొగ్గుతో జరుగుతుంది.

అయితే ఒక చిక్కు ఉన్నది. ఈ గుళికను ముందుగా గాలిలో కాల్చి గట్టిపరచడానికి వీలులేదు. లోపలి బొగ్గు కాలిపోతుంది. కావున ఇనుము ఏర్పడేవరకు బంధకమే దానిని నిలపాలి. సిమెంటు చల్లగా ఉన్నంతవరకు బలంగానే పట్టినా, వేడికి పట్టు సడలుతుంది. చక్కెర కర్మాగారాల మొలాసిస్‌ను సున్నంతో కలిపి వాడే పద్ధతి కూడా ఉన్నది. బొగ్గులోని బూడిద, గంధకం గుళికలోనే మిగలడం మరొక లోపం. అమెరికాలోని మినసోటాలో ఈ కోవకు చెందిన ఒక కర్మాగారం 2010లో ప్రారంభమై 2015లో నిలిచిపోయింది.

కాల్చిన గుళికల పరిశ్రమ మాత్రం మన చెంతనే స్థిరపడినది. తోరణగల్లులోనూ, హైదరాబాదు కేంద్రంగా గల ఎన్.ఎం.డి.సి. వారి దోణిమలైలోనూ గుళికల కర్మాగారాలు ఏర్పడ్డాయి. 2011 జులై 29న సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో గనుల తవ్వకాన్ని ఆపివేసినప్పుడు ఎన్నో ఇళ్లలో కూలి ఆగిపోయింది. తరువాత గనులు షరతులతో తిరిగి తెరుచుకొన్నాయి. ఖనిజం తరిగిపోయే సొత్తు. పారవేసిన పొడినీ, నాసిరకాన్నీ వాడుకొంటే క్రొత్త కొండను త్రవ్వే అవసరం కొంత తగ్గుతుంది.

కాని గుళికకూ మూల్యం ఉన్నది. నూరడానికి విద్యుత్తు, శుద్ధికి నీరు, కాల్చడానికి ఇంధనం కావాలి. పర్యావరణ అనుమతి కొరకు మన ఊళ్లలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుదాము: పొడిని కప్పి తరలిస్తారా? నీరు ఎక్కడిది? శుద్ధి చేయగా మిగిలిన బురదను ఎక్కడ నిలువ చేస్తారు? కన్నడంలో వచ్చిన ప్రకటనను ఇంటి పెద్దలకు తెలుగులో చదివి చెప్పగల పిల్లలు ప్రతి ఇంటా ఉన్నారు. వారిచేత చదివించి, సమాధానాలను వ్రాతపూర్వకంగా తీసికొనడం మంచిది.