వంటింటి బండ, పల్లావరం కొండ

మన చెన్నై ఇళ్ళలో వంటగట్టు మీద పరిచిన నల్లరాయి పేరు అడిగి చూడండి. తమిళులైనా, మనమైనా చెప్పేది ఒకటే: కడప బండ. మూడు తరాలుగా ఇక్కడే ఉండి, కడప ఎటువైపుందో తెలియని మన పిల్లలు కూడా ఆ పేరు పలుకుతూనే ఉన్నారు.

మా పాత ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కట్టే మాట వచ్చినప్పుడు, "తాతయ్యా, ఈ బండలూ రుబ్బురోలూ ఇంకెందుకు? లారీకి ఎత్తించేద్దాం" అన్నాడు మా మనవడు. కాలేజీలో ముప్పై ఏళ్ళు భూగర్భశాస్త్రం చెప్పినవాణ్ణి, ఊరుకుంటానా! ఒక నిమ్మచెక్క, చాకు పట్టుకు రమ్మన్నాను.

బండ మీద నిమ్మరసం పిండితే సన్నటి బుడగలు లేచాయి. తుడిచాక మెరుపు పోయి మచ్చ మిగిలింది. అది సున్నపురాయి. అందులోని కాల్సైట్ అనే ఖనిజం పులుపుకు కరిగి బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది. చింతపండు రసం ఒలికితే పెద్దవాళ్ళు వెంటనే తుడవమనేది అందుకే. సముద్రాల్లో చేపలు పుట్టకముందే నీటి అడుగున సున్నపు బురద పొరలుగా పేరుకుని గట్టిపడ్డ రాయి అది. పొరలుండబట్టే పలకలుగా విడుస్తుంది. వాననీరు కూడా గాలిలోని ఆ వాయువునే కలుపుకుని కొంచెం పులుపెక్కుతుంది. కర్నూలు సీమలో బెలుం గుహలూ, బిల్లసర్గం గుహలూ ఆ నీరు సున్నపురాయిని కరిగించి తొలిచినవే.

ఇక రుబ్బురోలు. నిమ్మరసానికి అది చలించలేదు. చాకుతో గీస్తే గీత పడలేదు సరికదా, చాకే అరిగి ఇనుపచార మిగిలింది. 1812లో ఫ్రీడ్రిక్ మోస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఖనిజాల గట్టితనానికి అంకెలిచ్చాడు. బలపపు రాయిలోని టాల్కుకు 1, వజ్రానికి 10. ఆ లెక్కన మన గోరు రెండున్నర, చాకు సుమారు అయిదున్నర. రోట్లో ఉన్న ఫెల్‌స్పార్ 6, క్వార్ట్జ్ 7. చాకు ఓడిపోక ఏం చేస్తుంది? మనవడు లారీ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ రోలు పల్లావరం రాయి. దాని కథ తమాషాగా ఉంటుంది. 1690లో కలకత్తాలో స్థిరపడిన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నాక్ సమాధి అక్కడి సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో ఉంది. భూగర్భ సర్వే అధికారి థామస్ హాలండ్ ఆ సమాధి పలకను పరీక్షించి, అది మన పరంగిమలై, పల్లావరం కొండల రాయేనని గుర్తుపట్టాడు. 1893లో దానికి చార్నొకైట్ అని పేరుపెట్టాడు. రాయి మనది, పేరు కలకత్తా దొరది! నన్నడిగితే పల్లావరం పేరే పెట్టవలసింది.

సుమారు 250 కోట్ల ఏళ్ళ క్రితం, భూమి లోపల ఇరవై కిలోమీటర్లకు పైగా లోతులో, 700 డిగ్రీలు దాటిన వేడిలో తయారైన రాయి ఇది. అక్కడ నీటి పాలు బహు తక్కువ. అందుకే నీటిని ఇముడ్చుకునే అభ్రకం లాంటివాటికి బదులు హైపర్‌స్తీన్ అనే ఖనిజం ఎక్కువగా పుట్టింది. తాజాగా పగిలిన ముక్క నూనె రాసినట్టు ముదురాకుపచ్చగా నిగనిగలాడుతుంది. మన తూర్పు కనుమల్లోనూ ఈ జాతి రాయి విస్తారంగా ఉంది.

పైన ఉన్న రాళ్ళు కోట్ల ఏళ్ళుగా అరిగిపోయి ఇది బయటపడింది. బయటపడ్డాక ఇదీ అరుగుతుంది. ఎండకూ వానకూ ఫెల్‌స్పార్ బంకమన్నవుతుంది. ఇనుమున్న హైపర్‌స్తీన్ తుప్పుపట్టి గోధుమరంగుకు తిరుగుతుంది. క్వార్ట్జ్ మాత్రం మొండిది, ఇసుకై నిలుస్తుంది.

పరంగిమలై రాయిని భూగర్భ సర్వేవారు జాతీయ స్మారకంగా ప్రకటించారు. విమానాశ్రయానికి వెళ్ళే దారే కాబట్టి బంధువులను దింపి వచ్చేటప్పుడు పిల్లలకు చూపించవచ్చు. బీచికి వెళితే ఒక అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి తీసుకెళ్ళండి. అల వెనక్కి తగ్గినచోట ఇసుకలో నల్లచారలు కనిపిస్తాయి. వాటి మీద తిప్పితే మాగ్నటైట్ రేణువులు మీసాల్లా నిక్కబొడుచుకుని అంటుకుంటాయి. కాగితం మరిచిపోకండి, లేకపోతే అయస్కాంతం నుంచి ఆ రేణువులను వదిలించడం బ్రహ్మతరం కాదు.